ట వత్తుకు ఒక మాట

ఈరోజు ఒళ్లు మండిపోయింది. జనగామ బడిలో వేసవి శిక్షణకు వచ్చిన పంతుళ్లం నలుగురం కలిసి కూర్చుని, ట వత్తు పాఠానికి పిల్లలెరిగిన మాటలు రాశాం: చెట్టు, గట్టు, వెట్టి. తనిఖీకి వచ్చిన పెద్దసారు మూడోది కొట్టేశారు.

"నిజాం హుజూర్ ఫర్మానాతోని వెట్టి ఎన్నడో బందైంది. గిది దొరల మీద లేచిన సంగపోళ్ల మాట. చుట్ట అని రాయుండ్రి."

స్టేషన్ నుంచి పెద్దసారు పరుపుచుట్టను నెత్తిన మోసుకొచ్చిన ముసలాయన ఇంకా గుమ్మం దగ్గరే చెమట తుడుచుకుంటున్నాడు. ఉండబట్టలేక అడిగాను.

"కూలి ఎంతిచ్చిండ్రు బాపూ?"

"కూలేంది సారూ? పటేల్ తోలితే వెట్టికొచ్చిన."

పెద్దసారు కాగితం నా ముందుకు జరిపారు.

సరే, చుట్ట అనే రాశాం. అది ఎవరి నెత్తిన ఉందని పిల్లలు అడిగితే ఏం చెప్పాలో మీరే చెప్పండి.