నా గ్రాఫులో తెలంగాణ గెలిచిన రోజు

ఒక్క గీత గీసి మనిషి ఎన్ని పోగొట్టుకోగలడో నేను లెక్కపెట్టాను. ఒకటి, పర్మనెంట్ ఉద్యోగం. రెండు, సూరత్‌లోని ఉధ్నాలో మా గల్లీ నిండా బాపు పంచిపెట్టిన గొప్ప. మూడు, మా రాష్ట్రం గెలుపు. నాలుగోది ఇప్పుడే చెబితే నవ్వేసి వెళ్లిపోతారు. ఆగండి.

మా వాళ్లు తెలంగాణ నుంచి సూరత్‌కు నేతపనికి వచ్చినవాళ్లు. అప్పుడు నేను కొత్తగా ఇంజినీరింగ్ ముగించి, ఊరి బయట సచిన్ అనే ఫ్యాక్టరీల పేటలో ఒక పత్తి గింజల నూనె మిల్లులో ఆరు నెలల ప్రొబేషన్ మీద ఉన్నాను. ఐదో నెలలో సేఠ్ పిలిచాడు.

"బేటా, పత్తి గింజలు గుజరాత్‌లో ఎంత వస్తున్నాయి, మీ తెలంగాణలో ఎంత వస్తున్నాయి, పదేళ్లది పక్కపక్కన పెట్టి చూపించు. అక్కడే ఎక్కువైతే వరంగల్‌లో కొనుగోలు ఆఫీసు తెరుస్తా. పర్మనెంట్ చేసి నిన్నే పంపిస్తా."

ఈ మాట ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. మర్నాడు మధ్యాహ్నానికల్లా బాపు పనిచేసే పవర్‌లూమ్ షెడ్డులో నేను వరంగల్ ఆఫీసర్‌నైపోయాను.

నేను పద్ధతి గల మనిషిని. రెండు రాష్ట్రాల ప్రభుత్వ పట్టికలన్నీ దించుకున్నాను. వాటికి నంబర్లు వేశాను. నంబర్లకు ఒక జాబితా, ఆ జాబితాకు ఒక ఫైలు. ప్రతి పట్టికలోనూ మొదటి గడిలో ఉన్న అంకె తీసి గ్రాఫులో పెట్టాను. ఐదేళ్లు మా గీత గుజరాత్ గీత కింద కొత్త కోడలిలా అణకువగా నడిచింది. ఆరో ఏడు తాడు తెంపుకున్న దున్నపోతులా లేచి గుజరాత్‌ను తొక్కుకుంటూ పోయింది.

ఇంకొకడైతే అనుమానించేవాడు. నేను మూడు కారణాలు రాశాను: చెరువుల నిండా నీళ్లు, మేలైన విత్తనం, రైతుల పట్టుదల. మూడోదాని కింద ఎర్రగీత కూడా కొట్టాను.

సాయంత్రం లాప్‌టాప్ తెరిచి బాపుకు చూపించాను.

"చూసినవానే, మనోళ్లు గుజరాతోళ్లను దాటిన్రు," అని అమ్మను పిలిచాడు బాపు.

అమ్మ గుమ్మంలో కూర్చుని, ఊరి నుంచి చుట్టాలు తెచ్చిన పత్తిలో గింజలు ఏరుతూ దీపానికి వత్తులు చేస్తోంది. మెడ చాచి చూసింది.

"కొడుకా, గవి ఒట్టి గింజలేనా, పత్తంతానా?"

"అమ్మా, ఇది డేటా."

"డేటానే గానీ, ఒక్కపారే గిన్ని గింజలు యాడికెల్లి వచ్చినయ్ రా?"

"మూడు కారణాలున్నయమ్మా."

"ఉంటే మంచిదే," అని మళ్లీ గింజ తీసుకుంది. ఆ 'మంచిదే'లో ఎంత అర్థముందో నాకు మర్నాడు తెలిసింది.

మర్నాడు మీటింగ్. సేఠ్, గుజరాత్ కొనుగోళ్లు చూసే జయేశ్‌భాయ్, నేను. గోడ మీద గ్రాఫు పడగానే జయేశ్‌భాయ్ ముఖం వాడిపోయింది. నాకు పండగలా ఉంది.

"ఈ ఆరో ఏడు ఏమైంది?" అన్నాడు సేఠ్.

"మూడు కారణాలు, సేఠ్‌జీ." మూడూ చదివాను. ఎర్రగీత వేలు పెట్టి చూపించాను.

"నువ్వు చూసుకున్నావా సరిగ్గా?"

"మూడుసార్లు. గుజరాత్ ఓడిపోయిందని ఒప్పుకోవడం కొంచెం కష్టంగానే ఉంటుంది, సేఠ్‌జీ."

ఆ చివరి వాక్యం అవసరం లేదని మీకు తెలుసు. నాకూ ఇప్పుడు తెలుసు.

సేఠ్ కోప్పడలేదు. మనిషిని పంపి ఎక్కడినుంచో గుప్పెడు పత్తి తెప్పించి నా ముందు పెట్టాడు. "గింజలు తియ్యి."

తీశాను. వేళ్లు వంకరపోయాయి. బల్ల మీద ఒక పక్క నల్లటి గింజలు, ఇంకో పక్క తెల్లటి దూది.

"మా గుజరాత్ పత్తిలో ఈ రెండూ ఉంటాయి. మీ తెలంగాణ పత్తిలో ఆరో ఏటి నుంచి దూది మొలవడం మానేసిందా?"

తెలంగాణ పట్టిక మళ్లీ తెరిచాను. ఆరో ఏటి నుంచి ఆ పట్టిక గడులు మార్చారు. మొదటి గడిలో చేలోంచి వచ్చిన మొత్తం పత్తి, గింజలు రెండో గడిలో. నేను ఐదేళ్లు గింజలను, ఐదేళ్లు పత్తినంతా కొలిచి, మధ్యలో రైతుల పట్టుదలను ఇరికించాను.

"నేతపనోళ్ల అబ్బాయివే కదా," అన్నాడు జయేశ్‌భాయ్, పోయిన రంగు తిరిగి వచ్చాక.

"మా మగ్గం మీద పాలిస్టర్ నడుస్తది, జయేశ్‌భాయ్. పాలిస్టర్‌కు గింజలుండవు," అన్నాను. ఈ రోజుకీ నా వాదన అదే. ముప్పై ఏళ్లుగా మా బాపు చీరలు నేస్తున్నా మా ఇంట్లోకి పత్తి వచ్చేది దీపానికే. సూరత్ ఆ రకంగా పెంచిన పిల్లవాణ్ని పత్తి గింజల ముందు కూర్చోబెట్టడం ఎవరి తప్పు?

"ఈ రిపోర్టు ఇంకెవరికైనా చూపించావా?" అడిగాడు సేఠ్.

"మా అమ్మకు."

"ఏమంది?"

అబద్ధం చెప్పాలని చూశాను. రాలేదు. "ఒట్టి గింజలేనా, పత్తంతానా అంది."

సేఠ్ చాలాసేపు నవ్వాడు. "ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు. వరంగల్ ఆఫీసు తెరిచిన రోజు మీ అమ్మను పంపు."

అదీ నాలుగోది. ఇంట్లో చదువుకున్నవాణ్ని నేనొక్కణ్నేనన్న పేరు.

గ్రాఫు సరిదిద్దాను. గుజరాత్ గీత పైన, మాది కింద. కింద ఉన్నా తల పైకే పెట్టి నడుస్తోంది. దాన్ని ఎవరూ దిద్దలేరు. సేఠ్ ముందు కూడా అదే అన్నాను.

ఇకపై పత్తి చేత్తో వలిచి, అమ్మకు చూపించనిదే ఏ రాష్ట్రాన్నీ గెలిపించను. పాలిస్టర్ మీద ఒట్టు. దూది మీద పెట్టేవాణ్నే, కానీ అది నాకింకా కొత్త.