కన్ను అడిగిన ప్రశ్న

పోయిన సోమవారం పొద్దున హాస్టల్ ఫోనుకు ఐరాల నుంచి కబురు వచ్చింది. మా హైస్కూలు సైన్సు సార్ ఇక లేరు. తిరుపతిలో చిత్తూరు బస్సెక్కి, అక్కడ ఇంకో బస్సు మారి చేరేసరికి మధ్యాహ్నమైంది. సార్ ఇంటి వరండా నిండా స్కూలు పిల్లలు కూర్చుని ఉన్నారు.

బట్టీ పట్టి చెబితే ఆయనకు గిట్టేది కాదు. ఒకసారి నేను గుక్క తిప్పుకోకుండా పాఠం అప్పజెప్పితే, "ఏం పాపా, పుస్తకం మింగేసినావా? అరగనీ, రేపు చెప్దువులే" అన్నారు. క్లాసంతా నవ్వింది. మరుసటి రోజు నా సొంత మాటల్లో చెప్పాను. సుద్దముక్క నా చేతికిచ్చి, ఆయన వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నారు.

నేను ఎమ్మెస్సీలో చేరిన ఏడాదే ఆయనకు మోటారు న్యూరాన్ల జబ్బు వచ్చింది. కండరాలను కదిలించే నాడీకణాలు చనిపోయే జబ్బు అది. ముందు చేతులు, తర్వాత కాళ్ళు, ఆఖరుకు మాట పోయాయి. పట్టుబట్టి ఆ కణాల మీదే సెమినార్ తీసుకున్నాను.

మాట పోయాక ఆయనతో మాట్లాడే దారి అమ్మ కనిపెట్టారు. సార్ భార్యను మేం అమ్మ అనే పిలిచేవాళ్ళం. "క వరసా? చ వరసా? ట వరసా?" అని ఆమె అడుగుతూ పోతే, కావలసిన వరస రాగానే ఆయన కళ్ళు పైకెత్తేవారు. తర్వాత అక్షరం, ఆ తర్వాత గుణింతం. ఒక్క మాటకు అయిదు నిమిషాలు పట్టేది. అప్పుడే మాటల మీద మోజు పుట్టి పేజీలు నింపుతున్న నాకు, ఆయన పొదుపు చూస్తే సిగ్గేసేది.

సెమినార్‌కు ముందు ఆదివారం నా వ్యాసం ఆయనకు చదివి వినిపించాను. గ్లుటమేట్ అనే రసాయనం తగిలితే కణం మీద ఒక తలుపు తెరుచుకుంటుంది. ఆ తలుపుకు నాలుగు ముక్కలు. వాటిలో గ్లూఆర్-2 అనే ముక్క ఉంటే కాల్షియం లోపలికి రాదు. లేకపోతే వస్తుంది, మితిమీరితే కణాన్ని చంపుతుంది. మోటారు న్యూరాన్లలో ఆ ముక్క తక్కువ. "ఈ జబ్బుకు కారణం అదే" అని ధీమాగా ముగించాను.

ఆయన చూపు అమ్మ వైపు తిరిగింది. ఆమె ఒక్కో అక్షరం పట్టుకుంటూ వచ్చి, "కన్ను" అన్నారు. "కన్ను నొస్తాండాదా? నలక పడిందా?" రెండూ కాదు. ఆయన నన్నే చూస్తున్నారు.

అప్పుడు తట్టింది. కంటిని తిప్పేవి కూడా మోటారు న్యూరాన్లే. నేను రాసిందే నిజమైతే, ఈ కళ్ళు ఇంకా ఎలా కదులుతున్నాయి?

సంగతి చెబితే అమ్మ నవ్వారు. "దొరికిపోయినావు గదా పాపా."

మూడు రోజులు లైబ్రరీలో కూర్చున్నాను. లోపలికి వచ్చిన కాల్షియాన్ని పట్టి ఉంచే ప్రొటీన్లు కంటిని తిప్పే కణాల్లో ఎక్కువట. తలుపు ఒక్కటే చూస్తే చాలదు. "కారణం అదే" కొట్టేసి, "అదొక కారణం కావచ్చు, మిగతాది ఇంకా తెలియదు" అని రాశాను. తెలియదని రాస్తే మార్కులు పోతాయని స్నేహితులు భయపెట్టారు. సెమినార్లో ఒక లెక్చరర్ అడగనే అడిగారు, "అయితే తెలీదంటావా?" అని.

"తెలీదు సార్. యాడ దాకా తెలుసో చెప్తాను" అన్నాను. ఆ ధైర్యం మా ఐరాల సార్ పెట్టిన భిక్ష.

ఆ వారమే ఐరాల వెళ్ళాను. చదవబోతే అమ్మ ఆపారు. "నువ్వు సదవద్దు పాపా, ఆయన్నే సూడనీ." కాగితాలు ఆయన ముఖానికి ఎదురుగా పట్టుకున్నాను. చూపు ఎడమ నుంచి కుడికి సాగి, మళ్ళీ ఎడమకు వచ్చి, ఒక్కో వరస దిగుతూ పోయింది. చివరి పేజీ అడుగున "ఇంకా తెలియదు" దగ్గరికి వచ్చి ఆగింది. ఆయన రెప్ప వేయలేదు. నేను తర్వాతి పేజీ తిప్పుతానని అలాగే చూస్తూ ఉన్నారు.