వేయని చేప

వరంగల్ నుంచి ములుగు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ, వాగు దగ్గర టూరిస్టులకు నీటికుక్కలను చూపించే గైడ్. ఫోన్లో రిసార్ట్ ఓనర్ అరుపులు నాకూ వినిపించాయి. "చేపలేస్తే అవే వస్తయి గదా! వచ్చినోళ్లు ఉత్తగనే పోతాండ్రు!"

"చేపలెయ్య సార్. మన చేతి చేపలు మరిగితే వలల కాడికి పోతయి. అట్ల వల కాడికొచ్చినదాన్ని మా నాయినే కట్టెతోని కొట్టి సంపిండు. ఇసుకల వాటి అడుగులు చూపిస్త. అవి కనవడకుంటే, కనవడలేదనే చెప్త."

"అయితే రేపటి సంది రాకు!"

"పనికి రాను. వాగుకైతే వస్త. ఎవలు చేపలేస్తరో చూస్త."

ఫోన్ కట్ చేసి, కిటికీ అద్దం పూర్తిగా తెరిచింది.

తర్వాత ఆ వాగుకు మూడుసార్లు వెళ్లాను, ఖాళీ చేతులతోనే. ఇసుకలో అడుగులే చూశాను. నీటికుక్కల సంగతి అడిగినవాళ్లకు కనపడలేదనే చెప్తున్నాను.