పాలచేపు

ఆ యేడు కొత్తపేటలో మంత్రసానులకు శిక్షణ తరగతి పెట్టారు. శరీర నిర్మాణం, అవయవాల పనీ చెప్పడానికి సైన్సు చదివిన ఆడమనిషి కావాలన్నారు. నేను ఒప్పుకున్నాను. పిల్లవాడికి అప్పుడు ఎనిమిదో నెల. అమలాపురం దగ్గర అత్తగారి ఊళ్ళో వాణ్ణి వదిలి, వారమంతా నేను కొత్తపేటలో ఉండి, శనివారాలు ఇంటికి రావాలి.

"వెళ్ళిరా. వాణ్ణి నేను చూసుకుంటాను," అన్నారు అత్తగారు. "పాలు మాత్రం మరిచిపోతాడమ్మా. మరిచేక నువ్వు ఏడవకూడదు మరి."

నేను మరవనివ్వదలచుకోలేదు. రొమ్ము ఖాళీ అవుతున్నంత కాలం పాలు ఊరుతాయి, నిలవ ఉంటే వెనక్కి పోతాయి అని చదువుకున్నాను. పూటపూటా పిండేసి శనివారం దాకా నిలబెట్టుకుంటే చాలు. శనివారం వాడున్నాడు.

తీరా కొత్తపేట వెళ్ళి, గదిలో తలుపు వేసుకుని కూర్చుంటే, రొమ్ములు రాళ్ళలా ఉన్నాయి కాని చుక్క రాలేదు. వీధిలో ఎవరి బిడ్డో ఏడిస్తే మాత్రం, ఎముకల పాఠం మధ్యలో రవిక తడిసిపోయేది. పైట సవరించుకుని, నల్లబల్ల వైపు తిరిగి, అక్కర్లేనన్ని వెన్నుపూసలు గీస్తూ నిలబడేదాన్ని.

రెండో వారం వాడి చొక్కా ఒకటి, ఉతకనిది, వెంట తెచ్చుకున్నాను. మెడ దగ్గర ఆముదం, సాంబ్రాణి పొగ, కక్కిన పాలు అన్నీ కలిసిన వాసన. అది ముక్కుకి ఆనించుకుని కళ్ళు మూసుకుంటే వీపు మీద చీమలు పాకినట్టయి పాలు దిగేవి. గిన్నెలోకి పిండి, ఎవరూ తొక్కని చోట అరటి మొదట్లో పోసేదాన్ని. పోస్తూ ప్రతిసారీ అమలాపురం వైపు చూసేదాన్ని.

ఆ వారమే పాలగ్రంథుల పాఠం వచ్చింది. పటం మీద పుల్లతో చూపిస్తూ చెప్పాను. "పాలు తయారవడం ఒక పని, బయటికి రావడం ఇంకో పని. బిడ్డ చప్పరిస్తే ఆ కబురు నరాల వెంట మెదడుకు పోతుంది. మెదడు అడుగున శనగగింజంత గ్రంథి ఉంది. అది నెత్తురులోకి ఒక రసం వదులుతుంది. రసం రొమ్ముకు చేరగానే పాలు దిగుతాయి."

"చేపు వొచ్చినట్టన్నమాటండి," అంది ముందు వరుసలోని నడివయసు మనిషి. "దూడ మూతెట్టగానే ఆవుకి వొత్తాది, అదేనాండి?"

"అదే."

"మరి దూడ దగ్గిర లేపోతేనండీ?"

"వాసన చాలు, గొంతు చాలు," అన్నాను. ఏం ధైర్యం వచ్చిందో, చొక్కా సంగతి కూడా చెప్పేశాను. అందరూ నవ్వారు. నాకూ తేలికయింది.

వెనక నుంచి ఓ పడుచు, "ఆయ్, మా ఇంటికాడా అంతేనండి, గడ్డిదూడనెట్టి..." అని ఆగిపోయింది.

"ఛీ, నీ నోట్లో మన్నెయ్యా!" అని పక్కావిడ దాని తొడ గిల్లింది.

దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి ఆవు ముందు పెడతారు. ఆవు దాన్ని నాకుతూ పాలిస్తుంది.

"తప్పయిపోయిందండి అమ్మగారూ. బాబుగారు నిండు నూరేళ్ళు ఉండాలండి," అని ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఫరవాలేదన్నాను. పాఠం ముగించాను. ఆ పూట చొక్కా చేతిలోకి తీసుకుంటే వాసన వచ్చింది, పాలు రాలేదు. భయపడితే చేపు ఆగిపోతుందన్నది కూడా ఆ పాఠంలోదే. మర్నాడూ రాలేదు. వాడికి మూడేళ్ళు నిండిన ఈ రాత్రి కూడా, ఇది రాస్తూ మధ్యలో లేచి, వాడి ఊపిరి చూసి వచ్చాను.

ఆ శనివారం పడవ దిగి రేవు మెట్లెక్కేసరికి వాడు అత్తగారి చంకలో ఉన్నాడు. బుగ్గలు కూడా నిండాయి. చేతులు చాపాను. నన్ను చూసి ఆవిడ భుజంలో ముఖం దాచుకున్నాడు.

"మీ అమ్మేరా, వెర్రి తండ్రీ!"

ఒళ్ళోకి తీసుకుని రొమ్ము అందిస్తే తల విదిలించి ఏడ్చాడు. అత్తగారు ఉగ్గుగిన్నెతో ఆవుపాలు పోస్తే గుటగుటా తాగాడు. నా ముఖం చూసి, "అలిగేడమ్మా," అన్నారు. "గుర్తు లేకపోతే ఎవరిమీద అలుగుతాడు?"

ఆదివారం మధ్యాహ్నం వాడు నిద్రలో ఉండగా పక్కన పడుకున్నాను. కళ్ళు తెరవకుండానే వెతుక్కున్నాడు. మొదట ఏమీ లేదు. వాడు వదల్లేదు. పిడికిలితో నా పక్కటెముకల మీద కొడుతూ చప్పరించాడు. ఎంతసేపటికో వీపు మీద చీమలు పాకాయి. వాడి గొంతులో గుటక పడింది.

అప్పుడే పెరటి వెనక రేవులోంచి పడవ సరంగు కేకేశాడు. "అమ్మగారు వొత్తన్నారాండీ?"

తాగుతున్న బిడ్డను లాగకూడదు. నోటి మూల చిటికెనవేలు దూర్చి కాస్త గాలి పోనిస్తే, పట్టు దానంతటదే వదులుతుంది. వేలు పెట్టాను. వాడు దాన్ని కూడా కలుపుకుని చప్పరించాడు. వేలు తీసేశాను.

గుమ్మంలో నిలబడి చూస్తున్న అత్తగారు పెరటివైపు తిరిగి, "వెళ్ళండోయ్! రేపు పొద్దుటి పడవకి వస్తుంది," అని కేకేశారు.

పొద్దున్న వేలు పెట్టక తప్పలేదు. పట్టు వదిలాక కూడా, వాడి పెదవులు నిద్రలో కాసేపు ఉత్తగాలిని చప్పరిస్తూనే ఉన్నాయి.