రొయ్యల గుంట గట్టు మీద

లోపలి చెవి జబ్బు వల్ల నాకు ఉన్నట్టుండి తల తిరుగుతుంది. ఉప్పు తగ్గించి, కాఫీ మానేసి, వేళకు నిద్రపోవడం మొదలుపెట్టాక ఇన్నాళ్లకు కాస్త నెమ్మదించింది. అందుకే ఈ సాయంత్రం మా రొయ్యల గుంట గట్టు మీద ఒంటరిగా నడుస్తానన్నాను. మా ఆయన ఊరుకోలేదు. తూలితే పట్టుకోవడానికి చేతులు చాపుకుని వెనకాలే వచ్చారు.

సగం దూరం వెళ్లేసరికి వెనక దబ్బున చప్పుడైంది. నా కాళ్లనే చూస్తూ నడిచిన మనిషి కాలు జారి, నడుముల్లోతు నీళ్లలో నిలబడి ఉన్నారు.

"నీకు తల తిరగతా లేదు గదా?" అన్నారు అక్కడి నుంచే.

"నేను బాగానే ఉండా. ముందు మీ చెయ్యి ఇట్టా ఇయ్యండి."

పైకి లాగాను. నేను మాత్రం తూలలేదు.

ఈ పూట నుంచి నా చప్పిడి పులుసు ఆయనకు కూడా వడ్డిద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?