మరువ పారిన రోజు

మా అత్త అన్నింటినీ లెక్కపెడుతుంది, మనుషుల్ని తప్ప. కోడి ఎన్ని గుడ్లు పెట్టింది, గ్యాసు బండ ఎన్నాళ్ళు వచ్చింది, నేను పుట్టింట్లో ఎన్ని పూటలు ఉండి వచ్చాను, అన్నీ ఆమె వేళ్ళ మీదే ఉంటాయి. ఇంట్లో పిల్లలు ఎంతమంది అని ఎవరైనా అడిగితే మాత్రం "ఉండారులే, దేవుడిచ్చినంత" అని మాట దాటేస్తుంది. మనుషుల్ని లెక్కపెడితే తగ్గిపోతారని ఆమె నమ్మకం. మా పల్లెలో ఈ నమ్మకం ఇంకా కొందరికి ఉంది కానీ, ఆమెకున్నంత పట్టుదల ఎవరికీ లేదు. ఒకసారి ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునే టీచరమ్మ వస్తే, ఆమెకు మజ్జిగ ఇచ్చి, ఊరి ముచ్చట్లన్నీ చెప్పి, తలల సంగతి ఒక్కటీ చెప్పకుండా సాగనంపింది. పాపం ఆ టీచరమ్మ పెరటి దారిన మళ్ళీ వచ్చి నన్నడిగి రాసుకొని పోయింది.

మాది నల్లమాడ దగ్గర ఒక పల్లె. నేను కోడలిగా వచ్చి పదేళ్ళు దాటింది. ఊరి చెరువు నిండిన ఆ ఏడాదిదాకా దాంట్లో నేను జాలి ముళ్ళ కంపలు చూశాను, గొర్రెల మందలు చూశాను, మగపిల్లల క్రికెట్ చూశాను. వానాకాలంలో నాలుగు రోజులు మడుగుల్లో నీళ్ళు నిలిస్తే అదే గొప్ప. అందుకే మా ఇంట్లో నీళ్ళ దగ్గర నేను మహా గయ్యాళిని. కడవ నిండాక గుక్కెడు నీళ్ళు కింద పోయినా నాకు ఎక్కడలేని కోపం వస్తుంది. "కొళాయి కట్టెయ్, మోటరు బంద్ చెయ్" అన్న మాటలు వినీ వినీ మా పాపకు అవే ముందు నోటికి వచ్చినట్టున్నాయి. అప్పటికి దానికి అయిదేళ్ళు. మిద్దె మీద ట్యాంకు నిండి పొర్లే చప్పుడు వినపడితే ఇంట్లో అందరికంటే ముందు అరిచేది అదే. స్విచ్ అందదు కాబట్టి ఎవరో ఒకరు వచ్చి ఆపేదాకా గోడ దగ్గర నిలబడి అరుస్తూనే ఉండేది. ఎంత బుద్ధిమంతురాలో అని నేను మురిసిపోయేదాన్ని.

ఆ ఏడాది దసరా సెలవులకు మా ఆడపడుచు తన ముగ్గురు పిల్లల్నీ మా ఇంటికి పంపింది. మా తోడికోడలి పిల్లలు ఇద్దరు, నా పిల్లలు ఇద్దరు. ఇంటి కప్పు లేచిపోకుండా ఉన్నది వాన బరువు వల్లనే అనుకుంటాను. వరసగా కొన్ని రాత్రులు విడవకుండా కురిసింది. ఒక పొద్దున మా ఆయన మోకాళ్ళ దాకా బురదతో పొలం నుంచి వచ్చి, వాకిట్లో నిలబడి, "అమ్మా, మరువ పోతాండాది" అన్నాడు. చెరువు నిండి, మిగిలిన నీళ్ళు కట్ట చివర రాతి గట్టు మీదుగా పొర్లి కింద పారే వంకలోకి దూకే చోటును మా వైపు మరువ అంటారు. మా అత్త చేతిలోని చేటను కింద పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, "ఏం సూచ్చాండావు? ఓళిగలకు బ్యాళ్ళు ఉడకెయ్యి" అంది.

ఉగాదికి కూడా ఆమె నన్ను అంత తొందర పెట్టలేదు. నేను పప్పు ఉడికించి, పూర్ణం నూరి ఓళిగలు కాలుస్తుంటే మా తోడికోడలు చిత్రాన్నం కలిపింది. పిల్లలకు తలంట్లు, కొత్త బట్టలు. గంగమ్మకు పసుపు, కుంకుమ, గాజులు, పసుపు రంగు రవికె గుడ్డ, టెంకాయ. మా పాప కూడా పసుపు గౌనే వేసుకుంది. మధ్యాహ్నం కాకముందే మా ట్రాక్టర్ ట్రాలీలో ఇరుగింటివాళ్ళు, పొరుగింటివాళ్ళు, వాళ్ళ పిల్లలతో సహా ఎక్కేశారు. అంత గుంపు చూసేసరికి నాకు భయమేసి మా పిల్లల్ని ఒకటి, రెండు అని వేలితో లెక్కపెట్టబోయాను. మా అత్త నా వేలు పట్టుకొని మడిచింది.

"మంచి పనికి పోతా మనుషుల్ని లెక్కేస్తారా యాడన్నా?"

"తప్పిపోతారేమోనని అత్తా."

"నువ్వు లెక్కేస్తేనే తప్పిపోయేది. గమ్మునుండు."

ఆమెతో వాదించడం దండగ. గమ్మునున్నాను.

మరువ దగ్గర తిరునాళ్ళలాగా ఉంది. చుట్టుపక్కల పల్లెల వాళ్ళంతా ఆటోల్లో, బండ్ల మీద వచ్చేశారు. కుర్రాళ్ళు ఫోన్లు ఎత్తి ఫోటోలు తీసుకుంటున్నారు. ఒక పెద్దాయన చెప్పులు దూరంగా విడిచి వచ్చి, నీళ్ళకు దండం పెట్టి, పై కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఎర్రటి నీళ్ళు రాతి గట్టు మీద పరుచుకొని, కిందికి దూకి, నురగతో వంకలోకి పోతున్నాయి. అంత నీటిని ఒక్కచోట చూస్తే సంతోషం వస్తుందనుకున్నాను గానీ ఏడుపు వస్తుందనుకోలేదు. మా అత్త గట్టు అంచున కూర్చొని పసుపు కుంకుమ వేసి, గాజులు నీళ్ళలో విడిచి, రవికె గుడ్డను నీళ్ళ మీద వదిలింది. చుట్టం చాలాకాలానికి వస్తే నిష్ఠూరమాడినట్టు, "వచ్చినావా తల్లీ? ఇన్నాళ్ళకు దావ తెలిసినాదా మా ఊరికి?" అంది.

పాప నా చెయ్యి పట్టుకొని ఆ నీళ్ళ వైపు చూస్తోంది. మిగతా పిల్లలు కేకలు పెడుతుంటే దీని ముఖంలో మాత్రం చిరాకు.

"అమ్మా, ఎవురూ బంద్ చెయ్యలేదు."

"ఏం బంద్ చెయ్యల్ల?"

"మోటరు. నీళ్ళన్నీ కింద పోతాండాయి సూడు."

నేను పడీ పడీ నవ్వాను. మా తోడికోడలికి చెప్తే ఆమె ఇంకో నలుగురికి చెప్పింది. అందరూ నవ్వుతుంటే పాప ముఖం ఎర్రబడింది. "పోయి మీ నాయనకు చెప్పుపో, బంద్ చేస్తాడు" అన్నాను ఆట పట్టిస్తూ. వాళ్ళ నాయన అక్కడే పది అడుగుల దూరంలో స్నేహితులతో మాట్లాడుతున్నాడు. అది అటు నడవడం చూసి, నేను చిత్రాన్నం గిన్నె దించడానికి వెళ్ళాను.

కానుగ చెట్ల కింద విస్తళ్ళు వేశాం. ఎవరి పిల్లలు ఎవరో తెలియదు. చెయ్యి చాచిన ప్రతి పిల్లకూ ఒక ఓళిగ పెట్టాం. వడ్డిస్తూ నేను మళ్ళీ మా పిల్లల కోసం తలలు వెతుకుతూ పెదాలు కదిలించినట్టున్నాను. మా అత్త గరిటెతో నా మోచేతి మీద ఒక్కటి వేసింది. "గంగమ్మ ఎదురుగానా?" అంది. ఇంకేం, విస్తళ్ళన్నీ నిండాయి, ఓళిగలన్నీ అయిపోయాయి, అందరూ తిన్నట్టే లెక్క.

మబ్బు మళ్ళీ కమ్ముకొస్తోందని బయల్దేరబోతుంటే మా పెద్దోడు అడిగాడు. "అమ్మా, చెల్లి యాడ?"

పాప వాళ్ళ నాయన దగ్గరుందని నేననుకున్నాను. నా దగ్గరుందని ఆయన అనుకున్నాడు. అసలు అది తన దగ్గరికి రానే లేదన్నాడు. మా అత్త ఒడిలో నిద్రపోయిందని మా తోడికోడలు అనుకుంది. తినేటప్పుడు దాన్ని చూసిన వాళ్ళు ఒక్కరూ లేరు. అంతసేపూ చెవికి హాయిగా ఉన్న నీళ్ళ చప్పుడు ఒక్కసారిగా నాకు తట్టుకోలేనంత పెద్దదైంది. ఆ హోరులో ఒక పసిపిల్ల అరిచినా ఎవరికి వినపడుతుంది? మా ఆయన ప్యాంటు పైకి మడిచి వంకలోకి దిగాడు. ఆయన వెనక ఇంకో నలుగురు మగవాళ్ళు దిగారు. వాళ్ళు కర్రలతో నీళ్ళ అడుగు తడమడం చూశాను. నా బిడ్డను కర్రతో వెతుకుతున్నారు.

అప్పుడే వంక మలుపులో, కంప చెట్టు కొమ్మకు తగులుకొని పసుపు రంగుది ఏదో నీళ్ళలో కొట్టుకుంటూ కనపడింది. పాప గౌను పసుపు. నాకు ఇంకేమీ తెలియలేదు. నీళ్ళలో కాలు పెట్టాను. రెండో కాలు పెట్టేలోపు మా అత్త నా మణికట్టు పట్టుకొని వెనక్కి లాగింది. ఆ ముసలి చేతికి అంత బలం ఎక్కడిదో, ఇద్దరం గట్టు మీద పడ్డాం.

"అది గుడ్డ. నేను ఇడిసిన రవికె గుడ్డే అది. దాన్ని సూడొద్దు, నా మొగం సూడు."

చూశాను. ఆమె నా చెయ్యి వదల్లేదు.

"పాప కడాకు, పోయేముందు, నీతో ఏమన్నది? బాగా మతికి తెచ్చుకో."

ఏమంది? మోటరు అంది. బంద్ చెయ్యమంది. మేమందరం నవ్వాం.

చెరువు కట్ట కింద ఒక చీనీ బత్తాయిల తోట ఉంది. తోట మధ్యలో తెల్ల సున్నం వేసిన మోటరు రూము ఉంది. కట్ట మీద నిలబడితే అది కనపడుతుంది. నేను లేచి పరుగెత్తాను. చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు. తోట కంచెకు చీర చిరిగింది. వెనకనుంచి మా అత్త కుచ్చిళ్ళు పైకి దోపుకొని, మా ఊరి దేవతలందరినీ వరసగా పిలుస్తూ, మధ్యమధ్య వాళ్ళను తిడుతూ వస్తోంది.

పాప మోటరు రూము మెట్టు మీద కూర్చొని ఉంది. రెండు చేతులూ గడ్డం కింద పెట్టుకొని, పెద్ద మనిషిలాగా విసుగ్గా ఉంది. తలుపుకు తాళం వేసి ఉంది. నన్ను చూసి ఏడవలేదు, లేవలేదు.

"తాళం ఏసినారు. ఎంత పిలిచినా ఎవురూ రాలేదు" అంది. "ఇంగ నీళ్ళన్నీ అయిపోతాయి."

కొట్టడానికి చెయ్యి ఎత్తాను. ఆ ఎత్తిన చెయ్యి దాని మీద ఎలా వాలిందో గానీ, దాన్ని ఎదకు హత్తుకొని, అది ఊపిరాడడం లేదని గింజుకునేదాకా వదల్లేదు. ఒళ్ళంతా తడిమాను. పొడిగా ఉంది. గౌను పొడిగా ఉంది, జుట్టు పొడిగా ఉంది, పాదాలకు మట్టి మాత్రం ఉంది. పొడి బట్టను తాకి అంత సుఖపడతానని నేను ఎన్నడూ అనుకోలేదు. మా ఎండు సీమలో పుట్టి పెరిగినందుకు నీళ్ళలోకి కాకుండా నీళ్ళు ఆపడానికి పోయింది నా బిడ్డ.

మా అత్త వచ్చి, నేల మీద కాళ్ళు చాపుకొని కూలబడి, ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది, తర్వాత పాపను దగ్గరికి పిలిచింది.

"అది మనం ఏసిన మోటరు కాదు నాయనా. బంద్ చేసేది మన చేతిలో లేదు."

"మరి ఎవురేసినారు?"

"యాడో పైన ఉండారులే. వాళ్ళకు మతికొచ్చినప్పుడు ఏస్తారు."

పాప ఆకాశం వైపు అనుమానంగా చూసింది. వాళ్ళూ మా ఇంట్లోవాళ్ళలాగే మోటరు వేసి మరిచిపోయే రకమని తేల్చుకున్నట్టుంది.

కట్ట ఎక్కి మా అత్త "దొరికినాదిరా" అని కేక వేసింది. వంకలో ఉన్న మా ఆయన ఆ మాట విని, నడుము లోతు నీళ్ళలోనే ఒక బండకు ఆనుకొని నిలబడిపోయాడు. ఆ తర్వాత ముఖం కడుక్కోవడం మొదలుపెట్టాడు. ఎంతసేపు కడుక్కున్నాడో. పైకి వచ్చి పాప తల మీద తడిచెయ్యి పెట్టి, "ఈసారి నాకు చెప్పమ్మా, మనిద్దరం పోయి బంద్ చేద్దాం" అన్నాడు. "చెప్తామని వస్తి. నువ్వు మాట్లాడుతాంటివి" అంది అది. ఊరివాళ్ళందరూ చుట్టూ చేరి పాపను తిట్టారు, నన్ను తిట్టారు, పాప చేతిలో అరటిపండ్లు పెట్టారు. అప్పుడే చినుకులు పడ్డాయి. ఎవ్వరూ తల దాచుకోలేదు.

తిరుగు ప్రయాణానికి ట్రాలీ దగ్గరికి పోతే మా అత్త ముందే అక్కడ చేరి, ఎక్కే చోట చెయ్యి అడ్డం పెట్టి నిలబడి ఉంది. మా పిల్లల్ని వరసలో నిలబెట్టమంది. మొదటివాడి తల మీద అరచెయ్యి పెట్టి, అందరికీ వినపడేలా, "ఒకటి" అంది.

మా తోడికోడలు నన్ను చూసింది. నేను మా ఆయన్ని చూశాను. అరవై ఏళ్ళు దాటిన ఆ మనిషి ఒక తలను లెక్కపెట్టడం మాలో ఎవరమూ ఎన్నడూ వినలేదు. రెండు, మూడు అంటూ ఒక్కో తలనూ నిమిరి పైకి ఎక్కించింది. పాప దగ్గరికి వచ్చేసరికి చెయ్యి కొంచెం ఎక్కువసేపు ఆగింది. "ఏడు" అంది. అమ్మయ్య అనుకొని నేను ఎక్కబోయాను. తడి కొంగు పట్టుకొని ఆపి, నా తల మీద కూడా చెయ్యి పెట్టింది.

"ఎనిమిది."

"నేనెందుకు అత్తా? పిల్లలు ఏడుగురే కదా."

"ఇందాక నీళ్ళల్లో కాలు పెట్టింది ఎవురు?" అంది మా అత్త. "ఎక్కు."