అలింగ్ సిమాంగ్ సోమవారం కోర్టు

అలింగ్ సిమాంగ్ నోట్లో నోరు పెట్టి నెగ్గినవాడు ఆ సందులో ఒక్కడూ లేడు. మనీలాలో రేసుకోర్సు వెనక గోడకు ఆనుకుని ఉన్న సందు అది. గోడకు అవతల గుర్రాలు, ఇవతల ఆవిడ. పెద్దావిణ్ణి అలింగ్ అని, పెద్దాయన్ని మాంగ్ అని పిలవడం అక్కడి అలవాటు. తెల్లవారుతుండగానే నిచ్చెన వేసుకుని రేకుల కప్పు మీదికెక్కి, చేతిలో స్టాప్‌వాచీ పట్టుకుని, కసరత్తుకు వచ్చిన ప్రతి గుర్రాన్నీ చూసేది. ఏడింటికి కిందికి దిగి, కాఫీలో రొట్టె ముంచుకు తింటూ, కార్బన్ కాగితాలు పెట్టి ఆ వారం ఏ గుర్రం గెలుస్తుందో టిప్పులు రాసేది. కాగితం అయిదు పెసోలు. బేరమాడితే పది.

ఆవిడ మొగుడు గౌడెన్సియో గుర్రాలశాలలో పనివాడు. ఒక గుర్రం గుండెల మీద తన్నితే పోయాడు. అప్పటికి కొడుకు ఎఫ్రెన్‌కు రెండేళ్ళు. "నీ మొగుణ్ణి చంపిన జాతే అది, మళ్ళీ వాటి మొహమే చూస్తావేంటే?" అని అత్తగారు ఏడిస్తే, "చంపినదాన్ని ఊరికే వదిలేస్తానా? దాని చేతే కూడు పెట్టించుకుంటా" అందట. అన్నంత పనీ చేసింది.

ఆ పేటలో టిప్పులు అమ్మేవాళ్ళు పాతికమంది ఉండేవాళ్ళు. గెలిచినవాటి గురించి గొంతు చించుకునేవాళ్ళే గాని, ఓడినవాటి ఊసెత్తేవాళ్ళు కాదు. సిమాంగ్ అలా కాదు. ప్రతి సోమవారం పొద్దున గుమ్మం పక్కన నల్లబల్ల తగిలించి, ముందు వారం తను చెప్పిన గుర్రాల పేర్లన్నీ సుద్దతో రాసి, ఏది ఎన్నోదిగా వచ్చిందో రాసి, ఓడిన ప్రతిదీ ఎందుకు ఓడిందో నలుగురి ముందూ నిలబడి చెప్పేది. అడిగేవాళ్ళు అడగొచ్చు, తిట్టేవాళ్ళు తిట్టొచ్చు. తన తప్పయితే "తప్పు నాది" అని బల్ల మీదే రాసేది. జనం దానికి సోమవారం కోర్టు అని పేరు పెట్టారు. ఆ కోర్టులో దురదృష్టం అన్న మాట నిషేధం. ఎవడైనా నోరు జారితే, "దురదృష్టం ఏంట్రా వెధవా, కళ్ళు దొబ్బాయని చెప్పు!" అని అరిచేది.

"గుర్రాన్నేం చూస్తార్రా, నోరులేని జంతువు! జాకీ మోచేతులు చూడండి. మోచేతులు ముందుకు తోస్తుంటే నిజాయితీ, వెనక్కి లాగుతుంటే వాడు అమ్ముడుపోయినట్టు." ఇరవయ్యేళ్ళు ఇదే పాఠం. చివరికి ఎండుచేపలమ్మే ముసల్ది కూడా పందేల కొట్టులో టీవీ ముందు కూర్చుని, "అదుగో లాగాడు, దొంగసచ్చినోడు!" అనే దాకా వచ్చింది వ్యవహారం. పట్టుబడ్డ జాకీలందరూ చెప్పేది ఒకటే: గుర్రం కాలు బాగాలేదని. ఆ మాట వింటే సిమాంగ్‌కు ఎక్కడలేని నవ్వు. బల్ల మీద "కాలు" అని రాసి, పక్కనే గాడిద బొమ్మ వేసేది.

అలాంటి ఆవిడ కొడుకు జాకీయే అయ్యాడు. వద్దని తిట్టింది, కొట్టింది, రెండ్రోజులు అన్నం మానేసింది. వాడు వినలేదు. అప్పుడు రెండు కట్టుబాట్లు పెట్టింది. ఎఫ్రెన్ ఎక్కిన గుర్రాన్ని తను టిప్పుగా రాయదు. ఇంట్లో గుర్రం మాట ఎవరూ ఎత్తకూడదు. "రేపు ఎవడైనా తల్లీకొడుకులు కూడబలుక్కున్నారంటే ఉరేసుకుంటా" అంది. నాలుగేళ్ళు ఆ రెండూ నడిచాయి.

ఆ జూన్‌లో మొదటిది తెగింది. అబెలార్డో అనే ట్రైనర్ దగ్గర హబగాత్ అని ఒక గుర్రం ఉండేది. మూడు రోజులు వరసగా దాని పరుగు చూసేసరికి ఆవిడకు మతి పోయింది. ఎక్కేది కొడుకని తెలిసి కూడా, ఆదివారం ఆరో రేసు కింద ఆ పేరు రాసి, "ఇది ఓడితే వచ్చి నా బల్ల పగలగొట్టండి" అని కలిపింది. సిమాంగ్ అంత మాట ఎప్పుడూ రాయలేదు. పేట పేటంతా ఎగబడింది. మాంసం కొట్టు కూలస్ అయితే పంది కొనడానికి దాచినదంతా దాని మీదే పెట్టాడు.

శనివారం మధ్యాహ్నం అన్నం దగ్గర ఎఫ్రెన్ అన్నాడు, "అమ్మా, ఆ హబగాత్..."

"నోర్ముయ్! ఇంట్లో గుర్రం పేరెత్తితే పళ్ళు రాలగొడతా" అంది సిమాంగ్. వాడు ఎండుచేప నములుతూ ఊరుకున్నాడు.

ఆదివారం ఆరో రేసులో మలుపు దాకా హబగాత్ ముందుంది. అక్కడ ఎఫ్రెన్ మోచేతులు వెనక్కి వెళ్ళాయి. ఒకసారి కాదు, గీత దాటేదాకా లాగుతూనే ఉన్నాడు. గుర్రం ఆరోదిగా వచ్చింది. పందేల కొట్టులో నలభై మంది చూశారు. అందరూ ఆవిడ శిష్యులే.

సోమవారం ఎనిమిదింటికి సందులో నిలబడ్డానికి చోటు లేదు. సిమాంగ్ బల్ల మీద పేర్లన్నీ రాసింది. హబగాత్ ఎదురుగా ఆరు అని రాసి చెయ్యి దించగానే ఎవడో విసిరిన రాయి వచ్చి బల్లను రెండు ముక్కలు చేసింది. "కారణం చెప్పవే!" అని అరిచింది చేపల ముసల్ది. కూలస్ తలుపు తన్నుకుంటూ లోపలికి పోయి, ఎఫ్రెన్ జుట్టు పట్టి బయటికి ఈడ్చుకొచ్చి, బురదలో పడేసి డొక్కలో తన్నాడు. ఇంకో ఇద్దరు కలిశారు. ఎఫ్రెన్ నోట్లోంచి రక్తం వచ్చింది. కూలస్ నడుం దగ్గర పంది కోసే కత్తి తీశాడు.

"ఎంతకమ్మావురా మమ్మల్ని? చెప్పు! ఒక్కో అబద్ధానికి ఒక్కో వేలు తీస్తా" అన్నాడు.

"అమ్మలేదు కూలస్ అన్నా. కాలు... ముందు కాలు. నా కింద విరిగిపోతుందనిపించింది. అందుకే ఆపాను" అన్నాడు ఎఫ్రెన్.

సందంతా గొల్లుమంది. "కాలంట! అలింగ్ సిమాంగ్, గాడిద బొమ్మ వెయ్యి!" అన్నారెవరో.

"ఇవాళ పొద్దున చూశాగా నీ గుర్రాన్ని, పెళ్ళికొడుకులా నడుస్తోంది!" అన్నాడు కూలస్.

సిమాంగ్ కూడా చూసింది, పొద్దున కప్పు మీంచి. నిజమే, చక్కగా నడుస్తోంది. ఆవిడ కొడుకు మొహంలోకి చూసింది. ఇరవయ్యేళ్ళుగా ఎందరో దొంగల నోట విన్న మాటే తన కొడుకు నోట వినేసరికి ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే భయమూ ఉంది. ఇప్పుడు తనేం చెయ్యకపోతే వీళ్ళు వీణ్ణి ఇక్కడే కోసి పారేస్తారు. రెండోసారి ఆలోచించలేదు. తలుపుకు అడ్డంపెట్టే ఇనప గొట్టం అందుకుంది.

"కత్తి దించు కూలస్. బల్ల నాది, కొడుకు నావాడు, తీర్పు నాది" అంది. ఎఫ్రెన్ చొక్కా పట్టి లేపి, కాఫీ తాగే బల్ల దగ్గరికి లాక్కొచ్చింది. "ఏ చేత్తో లాగావు?"

"అమ్మా, నా మాట విను..."

"ఏ చేత్తోరా?"

 ఆవిడ వాడి కుడి మణికట్టు పట్టి బల్లకేసి అదిమింది. మొదటి దెబ్బకు వాడు కేక పెట్టాడు. రెండో దెబ్బకు ఎముక చిట్లిన చప్పుడు వెనక వరసలో వాళ్ళకు కూడా వినిపించింది. మూడో దెబ్బ పడేసరికి వాడి కాళ్ళు మడతపడ్డాయి. బల్ల మీద కాఫీ కప్పు పగిలి, కాఫీ, రక్తం కలిసి కారాయి. సిమాంగ్ గొట్టం ఎత్తి జనం వైపు తిరిగింది.

"చాలా? ఇంకా కావాలా? కావాలంటే ముందుకు రండి, ఎవడొస్తాడో చూస్తా!"

ఒక్కడూ కదల్లేదు. కూలస్ కత్తి లోపల పెట్టుకుని మొహం తిప్పుకుని పోయాడు. జనం పల్చబడ్డాక ఆవిడ కొడుకుని ట్రైసికిల్‌లో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది. దారంతా వాణ్ణి తిడుతూనే ఉంది, ఏడుస్తూనే ఉంది. ప్రాణం దక్కించానన్న ధైర్యం ఒక్కటే ఆవిడకు మిగిలింది. వాడు ఆ తర్వాత తల్లితో మాట్లాడ్డం మానేశాడు.

మూడు వారాలకు హబగాత్ మళ్ళీ పరుగుకొచ్చింది. ఎక్కింది ఇస్కో అనే కొత్త జాకీ. సిమాంగ్ పందేల కొట్టుకు పోలేదు, గోడ పక్కనే నిలబడి చూసింది. ఇస్కో మోచేతులు ముందుకే తోస్తున్నాయి. నిజాయితీ అంటే అదీ అనుకుంది. మలుపు తిరుగుతుండగా ఫెళ్ళుమని చప్పుడైంది. గుర్రం ముందు కాలు మోకాలి కింద తోలుకు వేలాడింది. అయినా అది ఆగలేదు, తెగిన కాలితోనే నాలుగడుగులు వేసి, కంచె మీద పడి, ఇస్కోని కిందేసుకుని పొర్లింది. ఆ గుర్రం అరుపు మనిషి అరుపులాగే ఉంది. దానికి సూది వేసి చంపేదాకా అరుస్తూనే ఉంది. ఇస్కో నడుం విరిగింది.

సిమాంగ్ గేటు దగ్గరికి పరిగెత్తింది. అక్కడ మాంగ్ అంబో కనిపించాడు. ఒకప్పుడు ఆవిడ మొగుడితో కలిసి పనిచేసినవాడు, ఇప్పుడు హబగాత్‌ను కడిగి మేత వేసేవాడు. గోడవార కూలబడి ఏడుస్తున్నాడు.

"నెలన్నర నుంచీ ఆ మోకాలు పాడైంది సిమాంగ్. పరుగుకు ముందు సూది, తర్వాత సూది. నొప్పి తెలీకుండా నడిపించాడు అబెలార్డో. నీ కొడుకు వాడి కాళ్ళు పట్టుకుని బతిమాలాడు, ఈ గుర్రాన్ని దించొద్దని. దించితే మలుపులో ఆపేస్తానని కూడా చెప్పాడు."

 "ఆ సోమవారం నువ్వు మా సందులోనే ఉన్నావు కదరా. నేను కొడుతుంటే చూశావు కదరా!" అంది సిమాంగ్.

"నాకూ పిల్లలున్నారు" అన్నాడు అంబో.

ఆవిడ అతని చెంప పగలగొట్టింది. అటో దెబ్బ, ఇటో దెబ్బ, చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టింది. అతను చేతులు అడ్డం పెట్టుకోలేదు. కొడుతున్నంతసేపూ ఆవిడకు ఒకటే తలపు. మూడు రోజులు చూశాను, ఇరవయ్యేళ్ళు చూశాను. ఒక్క రోజు, ఒక్కసారి గుర్రం కాళ్ళు చూసి ఉంటే! శనివారం అన్నం దగ్గర వాణ్ణి ఆ వాక్యం పూర్తి చెయ్యనిచ్చి ఉంటే!

సోమవారం మళ్ళీ జనం వచ్చారు. పగిలిన బల్లకు తాడు కట్టి తగిలించింది. దాని మీద గుర్రం పేరు ఒక్కటీ లేదు. "నా తీర్పు తప్పు. ఎఫ్రెన్ చెప్పింది నిజం. కాలే" అని మాత్రం ఉంది.

"మీరందరూ వినండి," అంది. "నా కొడుకు దొంగ కాదు. దొంగ అని మీరన్నారు, నేను నమ్మాను. ఆ రోజు వాడు గుర్రాన్నీ బతికించాడు, తనూ బతికాడు. వాడి చెయ్యి నేను విరగ్గొట్టాను. చూసిన మీరంతా ఇళ్ళకు పోయి అన్నాలు తిన్నారు. ఎవడైనా ఏమైనా అంటారా?"

 ఒకడు దగ్గాడు. చేపల ముసల్ది గంప సర్దుకుంటూ, "అది సరే గాని, ఈ ఆదివారానికి ఏది రాశావు?" అంది.

కూలస్ మాత్రం ముందుకొచ్చాడు. అతని మొహం నిజంగానే వాడిపోయింది. "పోనీలే అలింగ్ సిమాంగ్. మనమేం చేస్తాం, దురదృష్టం" అన్నాడు.

సిమాంగ్ అతని మూతి మీద పిడికిలితో గుద్దింది. పెదవి చిట్లింది. అంత మనిషీ చేత్తో నోరు మూసుకుని నిలబడ్డాడు. ఆవిడ అందరినీ నెట్టుకుంటూ లోపలికి పోయి తలుపు వేసింది.

ఎఫ్రెన్ బెంచీ మీద కూర్చుని గంజి తాగుతున్నాడు. కుడిచేతి కట్టులోంచి వేళ్ళ చివరలు మాత్రం కనిపిస్తున్నాయి, వాచి, నల్లబడి. ఆ వేళ్ళు ఇక కళ్ళెం పట్టవని డాక్టరు అప్పుడే చెప్పేశాడు. సిమాంగ్ తలుపు దగ్గరి గొట్టం తెచ్చి వాడి ఒళ్ళో పెట్టింది. ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, తన కుడిచెయ్యి చాపి బల్ల మీద పెట్టింది.

"మూడు కొట్టాను నేను. మూడూ కొట్టు. కొట్టరా నాన్నా, నేనరవను."

వాడు వద్దనలేదు. మూడు వారాల్లో మొదటిసారి తల్లి కళ్ళలోకి చూశాడు. కుడిచేత్తోనే గొట్టం ఎత్తబోయాడు. అది వేళ్ళ మధ్యనుంచి జారి నేల మీద పడింది. వంగి మళ్ళీ తీశాడు. మళ్ళీ జారింది. మూడోసారి దాన్ని ఛాతీకి ఆనించి పట్టుకోవాలని చూసినప్పుడు నొప్పికి పళ్ళు కొరుక్కున్నాడు, చెమట పట్టింది. గొట్టం దొర్లుకుంటూ తలుపు దాకా పోయింది.

సిమాంగ్ మోకాళ్ళ మీదే పోయి దాన్ని తెచ్చింది.

"ఎడమ చేత్తో కొట్టు" అంది.

"ఇక దాంతోనే అన్నం తినాలమ్మా" అన్నాడు ఎఫ్రెన్.